ఇనుమూ అలసిపోతుంది.. బ్రేకు విరిగిపోతుంది!

* భారీ యంత్రాల్లో లోహ భాగాల వైఫల్యానికి కారణాలెన్నో
* ముందే గుర్తిస్తే నిలిచేది ప్రాణాలే

గోదావరిఖని: 'బ్రేకులు పడలేదు'.. ఘాట్ రోడ్డులో లారీ లోయలోకి దూసుకుపోయినా, ఉపరితల గనిలో డంపర్ అదుపు తప్పినా ముందుగా వినిపించే మాట ఇదే. ఆ మాటతోనే విచారణ ముగిసిపోయినట్లు అందరూ భావిస్తారు. నిజానికి అసలు ప్రశ్న అక్కడే మొదలవుతుంది. నిన్నటి వరకు పనిచేసిన బ్రేకు నేడు ఎందుకు పడలేదు? వేలెడు మందం ఉన్న ఉక్కు కడ్డీ పుల్లలా ఎందుకు విరిగింది? లోహం ఒక్కరోజులో విరగదు. నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ల తరబడి లోలోపల బీటలు వారుతూ వచ్చి, ఒకనాడు చేతులెత్తేస్తుంది. ఆ క్రమాన్ని అర్థం చేసుకుంటే ప్రమాదాన్ని ముందే పసిగట్టే వీలుంటుంది.

18 మందిని బలిగొన్న కడ్డీ

బ్రేకు భాగాల వైఫల్యం గురించి చెప్పుకొనేటప్పుడు గని ఇంజినీర్లు తప్పక ప్రస్తావించే ఘటన ఒకటుంది. ఇంగ్లాండ్‌లోని డెర్బీషైర్ ప్రాంతంలో మార్కమ్ బొగ్గు గనిలో 1973 జులై 30న ఉదయం షిఫ్టు కార్మికులు 29 మంది కేజీలో గనిలోకి దిగుతున్నారు. నాలుగు వందల మీటర్లకు పైగా లోతైన షాఫ్ట్ అది. కేజీ అడుగుకు చేరువవుతున్న సమయంలో పైన వైండింగ్ ఇంజిన్ బ్రేకులోని కడ్డీ ఒకటి విరిగిపోయింది. ఆపరేటర్ బ్రేకు లివర్ లాగినా ఫలితం లేకపోయింది. కేజీ వేగంగా వెళ్లి షాఫ్ట్ అడుగును ఢీకొంది. 18 మంది మరణించారు. మిగిలిన 11 మంది తీవ్రంగా గాయపడ్డారు.

విరిగిన కడ్డీ మందం రెండు అంగుళాలు. అంతటి బరువును మోయగల సత్తా దానికి ఉంది. అయినా ఎందుకు విరిగింది? విచారణలో తేలిన విషయం ఇది. కడ్డీని నిలువుగా లాగే బలాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుని రూపొందించారు. దాని చివర ఉన్న బేరింగు స్వేచ్ఛగా తిరగాలి. తగినంత గ్రీజు అందక అది బిగుసుకుపోయింది. దాంతో బ్రేకు వేసిన ప్రతిసారీ కడ్డీ రవ్వంత వంగుతూ వచ్చింది. లెక్కలో లేని ఆ వంపే పగులుకు బీజం వేసింది. అంతకంటే పెద్ద లోపం మరొకటి ఉంది. మొత్తం బ్రేకు వ్యవస్థ ఆ ఒక్క కడ్డీపైనే ఆధారపడింది. అది తెగితే ఆదుకునే రెండో భాగం లేదు. ఒకే భాగంపై ప్రాణాలు ఆధారపడే ఏర్పాటు ఉండరాదన్న సూత్రానికి మార్కమ్ ఘటన శాశ్వత ఉదాహరణగా నిలిచిపోయింది.

ఏమిటీ లోహ అలసట?

ఇనుప తీగను చేత్తో తెంపడం సాధ్యం కాదు. అదే తీగను అటూ ఇటూ పదిసార్లు వంచితే తెగిపోతుంది. అలసట అంటే ఇదే. ఒక్కసారి పడే భారానికి చెక్కుచెదరని లోహం, అంతకంటే తక్కువ భారం లక్షల సార్లు పడితే విరుగుతుంది. 19వ శతాబ్దంలో జర్మనీ ఇంజినీరు ఆగస్ట్ వోలర్ రైలు ఇరుసులపై పరీక్షలు జరిపి ఈ విషయాన్ని లెక్కలతో నిరూపించారు.

బ్రేకుల విషయంలో ఈ లెక్క చిన్నదేమీ కాదు. ఒక డంపర్ డ్రైవరు రోజుకు 300 సార్లు బ్రేకు వేస్తాడనుకుందాం. ఏడాదికి 300 పనిదినాలు చూసినా 90 వేల సార్లు అవుతుంది. పదేళ్లకు తొమ్మిది లక్షలు. ప్రతిసారీ కడ్డీలు, లివర్లు, పిన్నులు, స్ప్రింగులు లాగబడి వదలబడుతూనే ఉంటాయి.

పగులు ఎప్పుడూ బలహీనమైన చోటే పుడుతుంది. మర గీతల మూల, అకస్మాత్తుగా సన్నబడిన చోటు, తుప్పు తిన్న గుంట, వెల్డింగు అంచు, సుత్తి దెబ్బ గాటు.. వీటిలో ఏదైనా చాలు. విరిగిన ముక్కను పరిశీలిస్తే రెండు భాగాలు స్పష్టంగా కనిపిస్తాయి. ఒక వైపు చెట్టు మానులోని వలయాల వలె గీతలు దేరి నునుపుగా ఉంటుంది. పగులు నెమ్మదిగా పాకిన దారి అది. మిగిలిన భాగం గరుకుగా ఉంటుంది. చివరి క్షణంలో ఒక్కసారిగా తెగిన చోటు అది. నునుపు భాగం ఎంత ఎక్కువ ఉంటే, హెచ్చరిక అంతకాలంగా అక్కడే ఉన్నదని అర్థం. చూసినవారే లేరు.

ఘాట్‌లో నిప్పుల కుంపటి

లారీల్లో బ్రేకు డ్రమ్ములను పోత ఇనుముతో చేస్తారు. వీటికి ప్రధాన శత్రువు వేడి. బ్రేకు చేసే పని వేగాన్ని వేడిగా మార్చడమే. 25 టన్నుల బరువున్న లారీ 500 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగితే వెలువడే శక్తి సుమారు 34 యూనిట్ల విద్యుత్తుకు సమానం. దాంతో 400 లీటర్ల నీటిని మరిగే స్థాయికి తేవచ్చు. ఒక్కోటి 50 కిలోల చొప్పున ఆరు డ్రమ్ములు ఉన్నాయనుకుంటే, ఆ వేడి మొత్తం వాటిలోనే నిలిచిపోతే ఉష్ణోగ్రత 800 డిగ్రీలు దాటుతుంది. ఇంజిను నిరోధం, గాలి కొంత వేడిని తీసుకుపోతాయి కనుక సాధారణంగా అంతవరకు రాదు. డీజిలు ఆదా అవుతుందని బండిని న్యూట్రల్‌లో దించితే మాత్రం ఇంజిను సాయం పూర్తిగా తప్పిపోతుంది. భారమంతా డ్రమ్ములపైనే పడుతుంది.

వేడెక్కిన డ్రమ్ముకు మూడు విధాలుగా చేటు జరుగుతుంది.

మొదటిది వ్యాకోచం. 410 మిల్లీమీటర్ల వ్యాసం గల డ్రమ్ము మరో 300 డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరుకు పైగా వెడల్పవుతుంది. లైనర్లకు దూరంగా జరుగుతుంది. అప్పటికే లైనర్లు అరిగి, స్లాక్ అడ్జస్టర్ బిగించకుండా ఉంటే బ్రేకు చాంబరు లోని కడ్డీ తన పూర్తి నిడివి సాగినా షూ డ్రమ్మును గట్టిగా పట్టదు. గేజిలో గాలి నిండుగానే ఉంటుంది. బ్రేకు మాత్రం పడదు.

రెండోది వేడి చుక్కలు. డ్రమ్ము లోపల కొన్ని చోట్ల ఉష్ణోగ్రత 730 డిగ్రీల ప్రాంతం దాటి వెంటనే చల్లబడితే అక్కడి లోహ నిర్మాణమే మారిపోతుంది. గాజు వలె గట్టిగా, పెళుసుగా తయారవుతుంది. నీలి రంగు మచ్చలుగా కనిపించే ఈ చుక్కల చుట్టూ పగుళ్లు మొదలవుతాయి.

మూడోది వేడి పగుళ్లు. వేడెక్కి వ్యాకోచించడం, చల్లబడి సంకోచించడం పదేపదే జరిగితే లోపలి ఉపరితలంపై ఎండిన చెరువు నేలలా సన్నని బీటలు పడతాయి. పైపైన ఉన్నంతవరకు వాటితో పెద్ద ప్రమాదం లేదు. లోతుగా సాగి డ్రమ్ము అంచును చేరితే మాత్రం అది ఎప్పుడైనా ముక్కలు కావచ్చు. పొగలు కక్కుతున్న డ్రమ్ములపై బక్కెట్లతో నీళ్లు పోయడం ఘాట్ రోడ్ల దిగువన తరచూ కనిపించే దృశ్యం. పోత ఇనుముకు ఇంతకంటే హాని మరొకటి లేదు. ఒక్కసారిగా చల్లబడిన పైపొర బిగుసుకుని చీలిపోతుంది.

గనుల్లో మరో రకం

ఉపరితల గనుల్లోని పెద్ద డంపర్లలో నూనెతో చల్లబరిచే డిస్కు బ్రేకులు వాడుకలో ఉన్నాయి. వీటికి దుమ్ము బెడద తక్కువ. అయితే చల్లబరిచే నూనె ప్రవాహం తగ్గినా, వడపోత పూడుకుపోయినా డిస్కులు వంకర తిరుగుతాయి. అరిగిన లోహపు రజను నూనెలో కలిసి సీళ్లను, పిస్టన్లను గీస్తుంది. అందుకే నూనె నమూనాను పరీక్షించి అందులోని ఇనుము, రాగి పాళ్లను చూస్తారు. మనిషికి రక్త పరీక్ష ఎలాంటిదో యంత్రానికి ఇది అలాంటిది.

గాలి బ్రేకు వాహనాల్లో పార్కింగు బ్రేకును పట్టి ఉంచేది బలమైన స్ప్రింగు. చాంబరులోకి నీరు, బురద చేరితే అది తుప్పు పట్టి లోపలే విరుగుతుంది. బయటికి ఏమీ తెలియదు. ఎత్తులో నిలిపిన బండి కదిలినప్పుడే సంగతి బయటపడుతుంది. ఈ చాంబరును తగిన సాధనాలు లేకుండా విప్పడం ప్రాణాంతకం. అణచి ఉంచిన స్ప్రింగు తుపాకీ గుండులా దూసుకువస్తుంది.

మరమ్మతే శాపమైతే..

కొన్ని వైఫల్యాలు షెడ్డులోనే పుడతాయి. విరిగిన బ్రేకు కడ్డీని, లివరును వెల్డింగు చేసి తిరిగి బిగించడం పరిపాటి. వెల్డింగు వేడికి పక్కనున్న ఉక్కు తన గుణాన్ని కోల్పోతుంది. అతికిన చోట కాకుండా దాని పక్కనే మళ్లీ విరగడానికి ఇదే కారణం. అరిగిన డ్రమ్మును తిరిగి లేతు పట్టించి పలుచగా చేయడం మరో తప్పిదం. తయారీదారులు డ్రమ్ముపైనే గరిష్ఠ వ్యాసాన్ని ముద్రిస్తారు. ఆ హద్దు దాటిన డ్రమ్ము వేడిని ఇముడ్చుకోలేదు, ఒత్తిడిని తట్టుకోలేదు. పోతలో గాలి బుడగలు మిగిలిపోయిన నాసిరకం విడిభాగాలు తక్కువ ధరకు దొరుకుతాయి. ఆదా అయ్యేది వందలు.. పోయేది ప్రాణాలు.

ఇలా గుర్తించాలి

కంటికి కనిపించని పగుళ్లను పట్టుకునే పద్ధతులు ఉన్నాయి. శుభ్రం చేసిన భాగంపై రంగు ద్రవాన్ని పూసి తుడిచి, తెల్లటి పొడి చల్లితే పగుళ్లలో దాగిన రంగు గీతగా పైకి తేలుతుంది. ఖర్చు తక్కువైన ఈ పరీక్షను చిన్న వర్క్‌షాపులోనూ చేయవచ్చు. ఉక్కు భాగాలకు అయస్కాంత పరీక్ష, లోపలి లోపాలకు అల్ట్రాసోనిక్ పరీక్ష ఉపకరిస్తాయి. కేవలం చూసి 'బాగానే ఉంది' అని రాసే తనిఖీ వల్ల ప్రయోజనం లేదు.

డ్రైవర్లు, యజమానులు పాటించవలసినవి:

* ఘాట్ దిగే ముందే బండి ఆపి లైనర్లు, అడ్జస్టర్లు, గాలి పీడనం చూసుకోవాలి.
* ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో దింపరాదు.
* మండుతున్న డ్రమ్ములపై నీళ్లు పోయరాదు. బండిని పక్కన నిలిపి, చక్రాలకు దిమ్మెలు పెట్టి వాటంతటవే చల్లారనివ్వాలి.
* కదిలే ప్రతి కీలుకు, పిన్నుకు సకాలంలో గ్రీజు పెట్టాలి.
* ఒక వైపు డ్రమ్ము మాత్రమే ఎక్కువ వేడెక్కుతున్నా, బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతున్నా వెంటనే మెకానిక్‌కు చూపించాలి.
* బ్రేకు కడ్డీలకు, లివర్లకు వెల్డింగు చేయించరాదు. కొత్తవి వేయించాలి.
* విరిగిన భాగాన్ని పాత సామాన్లలో పారేయరాదు. ఎందుకు విరిగిందో చెప్పే సాక్ష్యం అదే.

మార్కమ్ గనిలో విరిగిన కడ్డీకి కావలసింది పెద్ద సాంకేతికత కాదు. బేరింగుకు చాలినంత గ్రీజు, పగులును పట్టుకునే ఒక పరీక్ష. ఆ రెండూ అంది ఉంటే ఆ ఉదయం షిఫ్టుకు వెళ్లినవారు సాయంత్రానికి ఇళ్లకు చేరేవారు.