పవర్‌ దగ్గర పిసినారితనం వద్దు!

కోడింగ్‌ ప్రాక్టీసుకో, వీడియో ఎడిటింగ్‌ నేర్చుకోవడానికో సొంతంగా పీసీ బిల్డ్‌ చేద్దామనుకుంటున్నారా? బడ్జెట్‌ అంతా ప్రాసెసర్‌, గ్రాఫిక్స్‌ కార్డులకే పెట్టేసి, మిగిలిన చిల్లరతో కేబినెట్‌, ఎస్‌ఎంపీఎస్‌ కొందామనుకుంటే మాత్రం కాస్త ఆగండి. నాసిరకం ఎస్‌ఎంపీఎస్‌ పోతే ఒక్కోసారి మదర్‌బోర్డునీ వెంట తీసుకుపోతుంది. ప్లేస్‌మెంట్‌ టెస్టు మధ్యలో పీసీ రీస్టార్ట్‌ అయితే పోయేది డబ్బొక్కటే కాదు.

ఎన్ని వాట్లు కావాలి?

ఉదాహరణకు రైజెన్‌ 5 5600 ప్రాసెసర్‌ టీడీపీ 65 వాట్లు. ఆర్‌టీఎక్స్‌ 3060 కార్డుకి 170 వాట్లు. బోర్డు, ర్యామ్‌, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లు కలిపినా మొత్తం 300 వాట్ల దగ్గర్లోనే ఉంటుంది. అయినా ఈ కార్డుకి ఎన్‌విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌ సూచిస్తుంది. లోడు ఒక్కసారిగా పెరిగినప్పుడు తట్టుకోవాలి కదా! గ్రాఫిక్స్‌ కార్డు లేకుంటే నాణ్యమైన 450 వాట్లది చాలు.

స్టిక్కర్‌ చదవండి

డబ్బా మీది పెద్దంకె చూసి మోసపోవద్దు. స్టిక్కర్‌ మీద 12 వోల్టుల దగ్గర ఎన్ని ఆంపియర్లో చూడండి. ప్రాసెసర్‌, కార్డు ప్రధానంగా వాడుకునేది దాన్నే. అక్కడ 18 అని ఉంటే 12×18, అంటే 216 వాట్లే! ‘80 ప్లస్‌ బ్రాంజ్‌’ అంటే సగం లోడు దగ్గర కనీసం 85 శాతం సామర్థ్యం. కరెంటు వృథా తక్కువ, వేడీ తక్కువ. అయితే ఈ ముద్ర ఒక్కటే చాలదు, వారంటీ ఎన్నేళ్లో కూడా అడగండి.

కేబినెట్‌లో గాలి ఆడాలి

రంగు లైట్ల కంటే ముందు వైపు జాలీ ముఖ్యం. ముందంతా గాజు ఉండి గాలికి దారి లేకపోతే మన ఎండాకాలంలో పీసీ ఉడికిపోతుంది. ముందు నుంచి గాలి లోపలికి, వెనక నుంచి బయటికి పోయేలా కనీసం రెండు ఫ్యాన్లు, దుమ్ము ఆపే ఫిల్టర్‌ ఉండాలి. బోర్డు సైజు, కార్డు పొడవు, కూలర్‌ ఎత్తు కాగితం మీద రాసుకుని షాపుకెళ్లండి.

ఇవి మరవొద్దు

* సికింద్రాబాద్‌ చెనాయ్‌ ట్రేడ్‌ సెంటర్‌లో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా బిల్లు తీసుకోండి.
* ఎర్తింగ్‌ ఉన్న త్రీపిన్‌ సాకెట్టే వాడండి.
* ఒక మాడ్యులర్‌ ఎస్‌ఎంపీఎస్‌ కేబుళ్లు మరోదానికి పెట్టొద్దు. పిన్నులు తేడా ఉంటే బోర్డు కాలిపోవచ్చు.
* ఎస్‌ఎంపీఎస్‌ను విప్పొద్దు. ప్లగ్‌ తీసినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జి ఉంటుంది.

రేపు డెస్క్‌టాప్‌ సపోర్ట్‌ ఇంటర్వ్యూలో ‘పీసీ ఆన్‌ కావట్లేదు, ముందు ఏం చూస్తావ్‌?’ అని అడిగితే, ఈ లెక్క స్వయంగా వేసినవాళ్లు తడుముకోరు.