అడుగుల చప్పుడు పుట్టించే లెక్క

నర్సీపట్నం ప్రాంతం నుంచి సినిమాల్లోకి వెళ్లిన పూరీ జగన్నాథ్ 2006లో ‘పోకిరి’ తీశారు. దాన్ని ఊళ్లో ఎన్ని ఆటలు చూసినా హీరో అడుగుల చప్పుడు మారదు, మారక్కర్లేదు కూడా. టాకీలు వచ్చిన కొత్తలో హాలీవుడ్ యూనివర్సల్ స్టూడియోలో జాక్ ఫోలీ అలవాటు చేసిన పద్ధతే నేటికీ నడుస్తోంది: తెరమీద బొమ్మను చూస్తూ దానికి సరిగ్గా అడుగులేసి రికార్డు చేయడం. మంచు మీద నడక కావాలా? తోలుసంచిలో మొక్కజొన్న పిండి పోసి పిసకడమే.

వీడియోగేమ్‌లో ఈ పప్పులుడకవు. ఆడేవాడు ఎప్పుడు పరిగెడతాడో, గచ్చు దిగి కంకరలో ఎప్పుడు కాలు పెడతాడో ఎవరికీ తెలియదు. నాలుగు రికార్డింగులే తిప్పితిప్పి వినిపిస్తే చెవి ఇట్టే పట్టేస్తుంది.

అందుకే చప్పుడును రికార్డు చేయకుండా అప్పటికప్పుడు లెక్కతో పుట్టించాలి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పెర్రీ కుక్‌కు ఇందుకు దారి చూపింది మరకాస్, అంటే గింజలు పోసిన బుర్ర వాయిద్యం. ప్రతి గింజనూ వెంటాడక్కర్లేదు, అవి తగిలే అవకాశాన్ని లెక్కగట్టి ఆ చొప్పున చిట్టిచిట్టి శబ్దాలు పుట్టిస్తే చాలని 1997లో చూపించాడు. కాలికింద కంకర కూడా అంతేగా! 2002లో అదే లెక్కను నడకకు వాడాడు.

అసలు కిటుకు మాత్రం కాలినీ నేలనూ విడదీయడంలో ఉంది. మడమ ఆనడం, బరువు ముందుకు జరగడం, వేళ్లతో నెట్టడం: ఈ క్రమంలో నేలమీద పడే బలాన్ని గీస్తే నడకకు రెండు మూపురాలు కనిపిస్తాయి, పరుగుకు సాధారణంగా ఒక్కటే పెద్దది. బ్రిటన్‌కు చెందిన ఆండీ ఫార్నెల్ 2007లో ఈ గీతనే మీటగా వాడాడు. గీత కాలిది, గరగర నేలది. గడ్డి తీసి చెక్క పెట్టినా నడిచే మనిషి మారడు.

2010లో డెన్మార్క్‌లోని ఆల్‌బోర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇంకో అడుగు వేశారు. సెన్సార్లు కుట్టిన బూట్ల బదులు మైక్రోఫోన్లు పెట్టారు. ఎవరి చెప్పులతో వాళ్లు నడిస్తే, ఆ చప్పుడు నుంచే బలాన్ని అంచనా కట్టి, అప్పటికప్పుడు వేరే నేల శబ్దం వినిపించారు. విన్నవాళ్లు చాలా నేలల్ని సరిగ్గానే గుర్తుపట్టారు, దాదాపు అసలు రికార్డింగుల్ని గుర్తుపట్టినంత బాగా.

మన రోడ్లకు ఇదీ చాలదు. హవాయి చెప్పు నేలను కొట్టి ఊరుకోదు, మడమ లేవగానే పైకెగిరి దాన్నీ కొడుతుంది. ఫార్నెల్ వాడిన ప్యూర్ డేటా సాఫ్ట్‌వేర్ ఉచితం. మన ఇంజినీరింగ్ విద్యార్థులు ఆ రెండో టప్పును ప్రాజెక్టుగా తీసుకోవచ్చు.