విద్యాలయ ద్వారం వద్ద చెప్పవలసిన మాట

ఆషాఢం వెళ్ళి శ్రావణం ప్రవేశించగానే ఆలయాలలో నోములు, వ్రతాల సందడితో పాటు మరొక సందడి కూడా కనిపిస్తుంది. పై చదువులకు దూరదేశాలు వెళ్ళే పిల్లలను వెంటబెట్టుకొని తల్లిదండ్రులు ప్రయాణ ముహూర్తం కోసం వస్తారు. గోత్రనామాలతో అర్చన చేయించుకొని, తీర్థప్రసాదాలు స్వీకరించి వెళతారు.

అటువంటి కుటుంబం ఒకటి మా ఆలయానికి వచ్చింది. అమ్మాయికి అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదువుకు ప్రవేశం లభించింది. అది కాథలిక్ క్రైస్తవుల విద్యాసంస్థ. అర్చన ముగిసినా వారు మండపం విడిచి కదలలేదు.

"పంతులుగారూ, అక్కడికి పంపితే మన పద్ధతులు దానికి నిలుస్తాయా?" అని తల్లి అడిగింది. తండ్రి మాత్రం ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నాడు. "మన సంగతులేవీ అక్కడ ఎవరికీ చెప్పవద్దన్నానండీ. అందరిలో ఒకతెగా ఉంటే చాలు" అన్నాడు. అమ్మాయి ప్రశ్న వేరు. "తాతగారూ, వాళ్ళు ప్రార్థన చేసేటప్పుడు నేనేం చేయాలి?"

ఈ సందేహాలు నేడు ఎన్నో ఇళ్ళలో ఉన్నవే. అందువల్ల నాకు తోచిన సమాధానాన్ని మీ ముందు కూడా ఉంచుతున్నాను.

పిలుపు ఆచార్యునిది

గురువును వెదుక్కుంటూ శిష్యుడు వెళ్ళడం మనకు తెలుసు. శిష్యుల కోసం గురువు ప్రార్థించడం చాలామందికి తెలియదు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిలో ఆవహంతీ హోమ మంత్రాలు ఉన్నాయి. నీళ్ళు పల్లానికి ప్రవహించినట్లుగా, మాసాలు సంవత్సరంలో చేరినట్లుగా, అన్ని దిక్కుల నుండి బ్రహ్మచారులు తన వద్దకు రావాలని ఆచార్యుడు అగ్నిముఖంగా కోరుకుంటాడు. విద్యార్థి రాక విద్యాలయానికే భాగ్యమని దీని భావం.

కాథలిక్ సంప్రదాయంలోనూ ఇటువంటి భావన ఉన్నది. యేసు సభ గురువులు, అంటే జెస్యూట్లు, 1548లో ఇటలీ దేశపు సిసిలీ ద్వీపంలోని మెస్సీనాలో తమ తొలి పాఠశాల తెరిచారు. విద్యాసంవత్సరం ఆరంభంలో పవిత్రాత్మను ఆవాహన చేస్తూ దివ్యబలిపూజ జరిపే ఆచారం అప్పటి నుండి వారి విద్యాలయాలలో కొనసాగుతున్నది. జార్జ్‌టౌన్ కూడా ఆ గురువుల పరంపరలోనిదే. జాన్ కారల్ అనే గురువు పొటోమాక్ నదీతీరాన 1789లో దానిని స్థాపించినప్పుడే, అన్ని మతాల విద్యార్థులకూ ప్రవేశం ఉంటుందని ప్రకటించాడు. ఆగస్టు నెలాఖరులో కొత్త విద్యార్థులు కుటుంబాలతో సహా అక్కడికి చేరుకుంటారు. తల్లిదండ్రులు వసతిగృహం గదిలో సామాను సర్ది, బిడ్డను అప్పగించి వెనుదిరుగుతారు. ఉపనయనమైన వటువును గురుకులంలో విడిచి వచ్చిన నాటి తల్లిదండ్రుల హృదయమే వారిదీ. విద్యార్థి మార్కులనే కాక మనస్సును, ఆత్మను, దేహాన్ని కూడా కనిపెట్టి ఉండాలన్నది జెస్యూట్ల విద్యాదర్శం. దానిని వారు లాటిన్ భాషలో 'కూరా పెర్సొనాలిస్' అంటారు.

తల్లి భయం

దాచడమెందుకు? అది క్రైస్తవ విద్యాలయమే. గోడల మీద సిలువలు ఉంటాయి, ప్రార్థనామందిరంలో గంటలు మ్రోగుతాయి. డిగ్రీ విద్యార్థులు దైవశాస్త్రం కూడా చదవవలసి ఉంటుంది. ఇవన్నీ తెలిసి పంపడమే మంచిది.

అయితే మరికొన్ని విషయాలు కూడా తెలుసుకోవాలి. 1965లో రెండవ వాటికన్ మహాసభ వెలువరించిన ప్రకటనలో కాథలిక్ సంఘం మన హిందూ ధర్మాన్ని పేరు చెప్పి ప్రస్తావించింది. అన్య ధర్మాలలోని సత్యమైన, పవిత్రమైన అంశాలను తాను నిరాకరించనని పేర్కొన్నది. కాథలిక్ విశ్వవిద్యాలయాల గురించి 1990లో రెండవ జాన్ పాల్ పోప్ జారీ చేసిన శాసనంలో, ప్రతి వ్యక్తి అంతరాత్మ స్వేచ్ఛను గౌరవించాలన్న నియమం ఉన్నది. జార్జ్‌టౌన్‌లో 1968లో యూదుల రబ్బీని, 1999లో ముస్లింల ఇమామ్‌ను, 2016లో హిందూ అర్చకుని నియమించారు. హిందూ విద్యార్థుల కోసం 'ధర్మాలయ' అనే ధ్యానమందిరం కూడా ఏర్పడింది. అక్కడ బిడ్డకు దీపం వెలిగించుకునే చోటు ఉన్నది. వెలిగించాలన్న కోరిక మాత్రం మన ఇంటి నుండే వెళ్ళాలి.

ప్రార్థన వేళ

అమ్మాయి ప్రశ్నకు సమాధానం సులభం. దివ్యబలిపూజకు అన్యమతస్థులు హాజరు కావచ్చు. కోరితే వెళ్ళవచ్చు, వెళ్ళినప్పుడు అందరూ లేచినప్పుడు లేచి, నిశ్శబ్దంగా ఉంటే చాలు. దివ్యసత్ప్రసాదం మాత్రం వారి సంఘంలో జ్ఞానస్నానం పొంది, ఆ విశ్వాసంలో ఉన్నవారికే ఇస్తారు. ఆ వేళ తన స్థానంలోనే కూర్చుండిపోతే ఎవరూ తప్పు పట్టరు. మన ఆలయంలో ప్రసాదం అందరికీ పంచుతాము, దీక్ష లేనివారికి మంత్రోపదేశం చేయము. వారికి సత్ప్రసాదమే అంతటి నియమం గలది. ఇతరుల నియమాన్ని గౌరవించడం మన నిష్ఠకు భంగం కాదు.

తండ్రి జాగ్రత్త

ఇక తండ్రి మాట. దానితో మాత్రం నేను ఏకీభవించలేకపోయాను. ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకాముని కథ ఆయనకు గుర్తు చేశాను. ఆ బాలుడు హారిద్రుమత గౌతముని ఆశ్రమ ద్వారం వద్ద నిలిచినప్పుడు గురువు గోత్రం అడిగాడు. నాకు తెలియదు, మా అమ్మకూ తెలియదు, ఆమె పేరు జబాల, నేను సత్యకామ జాబాలుడను అని ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. సత్యం నుండి తొలగలేదు గనుక నీకు ఉపనయనం చేస్తాను, సమిధలు తెమ్మన్నాడు గౌతముడు. ఆ బాలుడు ఏదో ఒక గోత్రం కల్పించి చెప్పి ఉంటే లోపలికి వెళ్ళి ఉండేవాడేమో, కాని విద్య దక్కేది కాదు.

ఆ తరువాతి కథ మరీ విచిత్రం. గురువు అప్పగించిన గోవులను కాస్తూ అడవిలో ఉన్న అతనికి ఒక ఎద్దు, అగ్ని, హంస, ఒక నీటిపక్షి వరుసగా బ్రహ్మోపదేశం చేశాయి. తిరిగి వచ్చాక అతడు గురువు వద్ద ఆ సంగతి దాచలేదు. అయినా మీ నోటనే వినాలని ఉన్నదని ప్రార్థించి పూర్ణవిద్యను పొందాడు. పరాయి నోట మంచి విన్నంత మాత్రాన అతడు తన గురువుకు దూరం కాలేదు.

మన కాలానికి దగ్గరగా సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు ఉన్నారు. వారు చదివినది ప్రొటెస్టెంట్ల మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో. హిందూ ధర్మంపై అక్కడ వినవచ్చిన విమర్శలే తనను వేదాంత అధ్యయనానికి పురికొల్పాయని వారే చెప్పుకున్నారు. 1908లో వారి ఎం.ఏ. సిద్ధాంత వ్యాసం వేదాంతంలోని నీతి గురించే. పరాయి చోట ఎదురైన ప్రశ్న వారిని స్వధర్మంలో మరింత లోతుకు తీసుకుపోయింది.

ఇంటి వద్ద మిగిలిన పని

ఇదంతా విన్న అమ్మాయి ఒక మాట అడిగింది. "మాది భారద్వాజ గోత్రమని ఇందాక అర్చనలో చెప్పాం కదా తాతగారూ, ఆ భరద్వాజుడు ఎవరు?" తండ్రి తల్లి వైపు చూశాడు. తల్లి నా వైపు చూసింది. నాకు సిగ్గు కలిగింది. ఆ కుటుంబం గోత్రం ఏళ్ళ తరబడి నేనే అర్చనలో పలుకుతున్నాను. ఆ ఋషి కథ ఒక్కనాడూ ఆ బిడ్డకు చెప్పలేదు. మన పద్ధతులు వాషింగ్టన్‌లో నిలుస్తాయా అని కలత చెందుతున్నాము, అవి మా మండపంలోనే జారిపోతున్న సంగతి గమనించలేదు.

అప్పుడు చెప్పాను. తైత్తిరీయ బ్రాహ్మణంలో భరద్వాజుడు మూడు జన్మల ఆయుష్షును విద్యార్థిగానే గడిపాడు. వృద్ధుడై పడుకొని ఉండగా ఇంద్రుడు వచ్చి, నాలుగవ ఆయువు ఇస్తే ఏం చేస్తావని అడిగాడు. మళ్ళీ చదువుకుంటానన్నాడు. ఇంద్రుడు మూడు పర్వతాలను చూపి, ఒక్కొక్క దాని నుండి పిడికెడు తీసి, నీవు చదివినది ఇంతే, మిగిలినది ఆ కొండలంత అన్నాడు.

అమ్మాయి ఆ కథను మళ్ళీ ఒకసారి చెప్పించుకొని వెళ్ళింది. పాఠకులారా, ఈ ఏడు మీ ఇంటి నుండి ఏ బిడ్డ ఏ విద్యాలయానికి బయలుదేరుతున్నా, పెట్టె సర్దే ముందు ఒక సాయంత్రం కూర్చోబెట్టుకొని మీ గోత్రఋషి కథ చెప్పండి. తెలియకపోతే మీ ఊరి ఆలయంలో అడగండి. మేము చెప్పవలసినవారమే. అక్కడ నీవెవరివని అడిగిన వారికి ఆ బిడ్డ తడబడకుండా సత్యం చెప్పగలగాలి.

శుభమస్తు.