రికార్డు బటన్ నొక్కే ముందే సగం ఎడిటింగ్ అయిపోవాలి

దాదీ చెప్పే పాత సంగతులనో, పిల్లల కథలనో పాడ్‌కాస్ట్‌గా పెట్టాలని చాలామందికి ఉంటుంది. ఫోన్ చేతిలోనే ఉంది కదా అని మొదలుపెట్టేస్తారు. మాట్లాడేది అరగంటే. తర్వాత కోతలు, అతుకులతో గంటలు గడిచిపోతాయి. చివరికి విసుగొచ్చి ఆ ఫైల్ ఫోన్‌లోనే ఉండిపోతుంది.

విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియో తొలి రోజుల్లో చాలా కార్యక్రమాలు నేరుగా ప్రసారమయ్యేవి. పొరపాటు దొర్లితే కోసేసే వీలు లేదు. అందుకే స్క్రిప్టు, రిహార్సల్, టైము లెక్క అన్నీ మైకు ముందుకు రాకముందే అయిపోయేవి. ఇంటి పాడ్‌కాస్ట్‌కూ అదే పద్ధతి పనికొస్తుంది.

ముందు సమయం చూసుకోండి. గుణదలలో రైలు కూతలు, రోడ్డు మీద హారన్లు ఉంటాయి. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత ఉత్సవాల రద్దీ ఉంటుంది. మధ్యలో ఆపాల్సిన పని లేకుండా జొహర్ నమాజ్ అయ్యాక, అసర్ అజాన్‌కు ముందు కూర్చుంటే మంచిది. కుక్కర్, మిక్సీ పనులు అప్పటికే ముగించాలి.

తర్వాత గది. ఖాళీ హాల్లో గొంతు మారుమోగుతుంది. పరుపు, దుప్పట్లు, కర్టెన్లు ఉన్న చిన్న గది నయం. ఫ్యాన్ ఆపి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఒక నిమిషం రికార్డు చేసి, ఇయర్‌ఫోన్స్‌తో వినాలి. గొంతు ఎక్కువై పగిలితే తర్వాత బాగుచేయడం చాలా కష్టం.

ఐదారు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి. ఊళ్ల పేర్లు, బంధువుల పేర్లు, సంవత్సరాలు పెద్దవాళ్లను ముందే అడిగి సరిచూసుకోండి. జవాబులు మాత్రం ముందే చెప్పించొద్దు, రెండోసారి చెప్పేటప్పుడు ఆ ఊపు రాదు.

మొదట అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా గది చప్పుడు రికార్డు చేయండి. ఆడాసిటీలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఆ నమూనాతోనే వెనకాల రొదను తగ్గిస్తుంది. మాట తడబడితే ఒక చప్పట్లు కొట్టి, ఆ వాక్యం మొదటినుంచి చెప్పించండి. ఎడిటింగ్‌లో ఆ చప్పట్లు గీతలా పైకి లేచి కనబడతాయి, వెతుక్కోనక్కర్లేదు.

పిల్లలకైతే మళ్లీ చెప్పించవచ్చు. ఎనభై ఏళ్ల దాదీకి రేపు అదే ఓపిక, అదే జ్ఞాపకం ఉంటాయో లేదో. ఈ సన్నాహానికి పట్టేది అరగంటే.