నేలను కోసి, సముద్రాన్ని కలిపి

గోళాన్ని చదును చేయాలంటే ఎక్కడో ఒకచోట కోత పెట్టక తప్పదు. బడి గోడ మీది ప్రపంచ పటంలో ఆ కోత సాధారణంగా పసిఫిక్ మధ్యలో పడుతుంది. అన్నిటికంటే పెద్ద సముద్రం రెండు ముక్కలై చెరో అంచుకూ చేరుతుంది. సముద్ర శాస్త్రవేత్త ఆథెల్‌స్టన్ స్పిల్‌హౌస్ కోతను నేల మీదికి జరిపాడు. అది చైనాలో మొదలై రష్యా, బేరింగ్ జలసంధి, ఉత్తర అమెరికా దాటి అర్జెంటీనాలో ముగుస్తుంది. పటం నడిబొడ్డు కెర్గూలెన్ దీవుల దాపున, హిందూ మహాసముద్రపు దక్షిణ కొసన. చుట్టూ నీరంతా ఒక్కటే.

దీని ఉపయోగం 2004 సునామీతో తెలుస్తుంది: అది మన కోస్తాతో ఆగలేదు. అట్లాంటిక్, పసిఫిక్ తీరాల్లోని పరికరాలూ దాన్ని పట్టుకున్నాయి. మామూలు పటంలో ఆ దారి గీస్తే ఒక అంచున తెగి, రెండో అంచున మళ్లీ మొదలవ్వాలి. స్పిల్‌హౌస్ పటంలో ఆ తెంపు లేదు.

దీని గణితం 1920లలో ఆస్కార్ ఆడమ్స్ కట్టినది. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ ఆర్క్‌జీఐఎస్ ప్రోలో ఇది 2020లో చేరింది. అలాంటిదే అయిన క్యూజీఐఎస్‌లో లెక్కలు చేసేది ప్రోజ్ లైబ్రరీ. అందులో ఉన్న ప్రొజెక్షన్ (గోళాన్ని చదును చేసే పద్ధతి) ఎంత వింతదైనా, కస్టమ్ ప్రొజెక్షన్ పెట్టెలో దాని సూత్రం ఒక్క వరుస రాస్తే చాలు. తలనొప్పి ఆ తర్వాతే.

దేశాల లేయర్ తెరవగానే రష్యా నుంచి పటానికి అడ్డంగా చారలు సాగుతాయి. సాఫ్ట్‌వేర్ సరిహద్దులోని బిందువులను ఒక్కొక్కటిగా కొత్త చోటికి మార్చి, వరుసలో గీతతో కలుపుతుంది, అంతే. పక్కపక్క బిందువులు కోతకు చెరోవైపున పడితే, ఆ గీత ప్రపంచమంతా దాటి వస్తుంది. మామూలు పటాల్లో ఈ బెడద కనిపించకపోవడానికి కారణం, డేటా తయారుచేసినవాళ్లు చాలాసార్లు రష్యాను 180 డిగ్రీల రేఖ దగ్గర ముందే తెంచి ఇవ్వడం. స్పిల్‌హౌస్ కోసం ఆ పని మనమే చేసుకోవాలి: కోత దారిన సన్నటి పట్టీ గీసి, దేశాల్లోంచి ఆ మేర తీసేయాలి. పొడవాటి గీతలకు మధ్యలో బిందువులు చేర్చడం మరవకూడదు, లేకుంటే వంపులు కర్రల్లా బిగుసుకుంటాయి.

రాస్టర్‌తో, అంటే పిక్సెళ్ల పటంతో, ఇంత గొడవ లేదు. అక్కడ లెక్క వెనక నుంచి మొదలవుతుంది: కొత్త పటంలోని ప్రతి పిక్సెల్ భూమ్మీద ఏ చోటిదో కనుక్కుని రంగు తెస్తుంది. కాబట్టి చారలు రావు. సముద్ర ఉష్ణోగ్రతల పటం గీసేవాళ్లకు ఇదే సులువు.

అందం చూసి జనసాంద్రతకూ దీన్నే వాడేవాళ్లున్నారు. అది తప్పు. మూలలకు చేరేకొద్దీ విస్తీర్ణం విపరీతంగా సాగి, చైనా ఉబ్బిపోతుంది. అలాంటి పనికి 2018లో వచ్చిన, విస్తీర్ణాలను సాగదీయని ఈక్వల్ ఎర్త్ ప్రొజెక్షన్ ఉంది. సాఫ్ట్‌వేర్‌లో వెతకడానికి దాని ఈపీఎస్‌జీ కోడ్ 8857.