నీళ్లు సగమైతే వెనుదిరగాల్సిందే!

కార్తీక మాసం వచ్చిందంటే వనభోజనాలు. రెండు రోజులు సెలవు దొరికితే గుత్తి కోటకో, పెనుకొండకో, రాయదుర్గం కొండకో ప్రయాణం. పిల్లలకు చరిత్ర తెలుస్తుంది, పెద్దలకు ఒళ్లు కదులుతుంది. మంచి అలవాటే. కానీ అనంతపురం పీఠభూమిలో కొండెక్కడం పార్కులో నడక లాంటిది కాదు. ఇక్కడ అడవి అంటే ముళ్లపొదలు, బండరాళ్లు, ఎండ. ఏడాది మొత్తం కలిపి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. దారిలో వాగు కనిపిస్తుందిలే, నీడ దొరుకుతుందిలే అనుకుని బయల్దేరొద్దు. ఇక్కడ అన్నిటికన్నా ముందు జాగ్రత్త పడాల్సింది ఎండ, దాహం విషయంలోనే.

సీసా చూసి నడవండి

ఎండలో కొండెక్కే పెద్దవారికి గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా నీళ్లు అవసరం. నాలుగు గంటల నడకకు మనిషికి కనీసం మూడు లీటర్లు పెట్టుకోండి. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్యలో కొద్దికొద్దిగా తాగండి. తర్వాత పనికొస్తాయని దాచుకోవడం పొరపాటు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం.

ఒక్క నియమం మాత్రం ఇంట్లో అందరూ ఒప్పుకున్నాకే బయల్దేరండి. తెచ్చుకున్న నీళ్లలో సగం అయిపోగానే వెనుదిరగాలి. పైన బురుజు కనిపిస్తున్నా సరే, పిల్లలు మారాం చేసినా సరే. కోట వచ్చే ఆదివారం కూడా అక్కడే ఉంటుంది.

దొన నీళ్లు తాగొచ్చా?

కొండల మీద దొనల్లో, కోనేళ్లలో నీళ్లు తేటగానే కనిపిస్తాయి. అయినా తాగొద్దు. మద్రాసు గవర్నర్ సర్ థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయారు. ఆయన్ను మొదట సమాధి చేసింది గుత్తిలోనే. కలరా వ్యాపించేది కలుషితమైన నీళ్లు, ఆహారం వల్ల. ప్రాణం తీసేది విరేచనాలతో ఒంట్లోని నీరు, లవణాలు పోవడం. గుడ్డతో వడకడితే చెత్త పోతుంది కానీ క్రిములు పోవు. కనీసం ఒక నిమిషం పాటు తెర్లేలా కాచాలి, లేదా క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. ప్రాణం మీదికి వచ్చి, వేరే దారే లేకపోతే ఆ నీళ్లు తాగక తప్పదు. కిందికి రాగానే డాక్టరును కలవండి.

వడదెబ్బను గుర్తుపట్టండి

తలనొప్పి, వికారం, కాళ్లు పీకడం, విపరీతమైన నీరసం.. ఇవి తొలి హెచ్చరికలు. వెంటనే నీడలో కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్ తాగించండి. ప్యాకెట్ లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీస్పూనుతో, తలకొట్టి కొలవాలి.

మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బే అనుకోండి. 108కి ఫోన్ చేస్తూనే బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. చంకల్లో, మెడ మీద తడిగుడ్డలు వేయండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయొద్దు.

పాము కాటేస్తే

రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టొద్దు. చూడకుండా బండ మీద కూర్చోవద్దు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర.. ఈ నాలుగింటి విషానికీ ఒకే ఇంజెక్షన్ విరుగుడుగా పనిచేస్తుంది. అందుకే పామును పట్టుకోవాలని సమయం వృథా చేయొద్దు. గాటు పెట్టడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం వంటివి అసలు చేయొద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేయండి. కాటుపడిన కాలు గానీ, చెయ్యి గానీ కదలకుండా కర్రతో కట్టి, నడిపించకుండా మోసుకెళ్లండి. కట్లపాము కాటుకు నొప్పి పెద్దగా ఉండకపోవచ్చు. నొప్పి లేదు కదా అని ఇంటికి వెళ్లొద్దు, నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

దారి తప్పితే

తోవ తెలియడం లేదని అనిపించగానే ఆగిపోండి. నీడలో కూర్చుని 112కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేకపోతే విజిల్‌ను మూడేసి సార్లు ఊదుతూ ఉండండి. నీళ్ల కోసం ఎండలో తిరిగితే చెమట రూపంలో పోయేదే ఎక్కువ. ఉరుము వినిపిస్తే కొండ కొమ్ము దిగిపోవాలి, ఒంటరి చెట్టు కిందికి వెళ్లొద్దు.

బయల్దేరే ముందు..

- అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. ఏప్రిల్, మే నెలల్లో వద్దు.
- బాగా తెల్లవారాకే ఎక్కండి, పది గంటలకల్లా దిగండి. రాయదుర్గం, కళ్యాణదుర్గం కొండల్లో ఎలుగుబంట్లు ఉంటాయి. చీకటి వేళల్లో తిరుగుతాయి కాబట్టి గుంపుగా, మాట్లాడుకుంటూ నడవండి.
- నిండు చేతుల నూలు బట్టలు, టోపీ లేదా తలగుడ్డ, బూట్లు తప్పనిసరి. చెప్పులతో ఎక్కొద్దు.
- బీపీ, షుగరు, గుండె జబ్బులకు మందులు వాడేవారు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు వేసుకునేవారు ముందుగా డాక్టరును అడగండి.
- ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్ని గంటలకు దిగుతారో ఇంట్లో ఒకరికి చెప్పండి. ఆ సమయానికి ఫోన్ రాకపోతే 112కి చెప్పమనండి.