మస్టాంగ్‌ను మలుపు తిప్పిన అంగుళం

ఫోర్డ్ మస్టాంగ్ 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనం ముందుకొచ్చింది. ఏడాది తిరిగేసరికి 4 లక్షలకు పైగా కార్లు అమ్ముడయ్యాయి. పొడవాటి బానెట్, పొట్టి డిక్కీ, కావాలన్నవారికి వి8 ఇంజిన్. పై అందం కొత్తదే కానీ, కింద ఉన్న సస్పెన్షన్ చాలామటుకు ఫాల్కన్ అనే చవక కుటుంబ కారుది. అందుకే తిన్నని రోడ్డు మీద దూసుకుపోయే మస్టాంగ్ మలుపు దగ్గర బరువుగా ఒరిగిపోతుంది. స్టీరింగ్ ఎంత తిప్పినా ముక్కు బయటివైపే లాగుతుంది. అమెరికన్లు దీన్ని ‘పోనీ కారు’ అంటారు, మజిల్ కార్లను వేరే లెక్కలో వేస్తారు. అయినా ఆ కాలపు మజిల్ కార్లలో చాలావాటిది ఇదే జబ్బు.

మలుపులో కారు ఒరిగినప్పుడు బయటివైపు చక్రం కూడా దాంతోపాటే వాలుతుంది. అప్పుడు టైరు వెడల్పంతా రోడ్డును పట్టుకోదు, బయటి అంచు మీదే నడుస్తుంది. అరచెయ్యి నేలకు ఆనించడానికీ, చిటికెన వేలి పక్క ఆనించడానికీ ఉన్నంత తేడా ఇది. దీన్ని సరిచేయడమే అసలు పని. స్ప్రింగులు గట్టివి వేస్తే చాలుననుకోవడం చాలామంది చేసే పొరపాటు. కోణం కుదరని చక్రానికి గట్టి స్ప్రింగు తోడైతే గతుకుల్లో ఒళ్లు హూనమవుతుంది, పట్టు మాత్రం పెద్దగా పెరగదు.

పని మొదలుపెట్టాల్సింది సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌ల దగ్గర. అరవై ఏళ్లలో అవి ఎండి, పగిలి, ఇనుము ఇనుముకు తగులుతుంటుంది. కొత్త బుష్‌లు, బాల్ జాయింట్లు, మంచి షాక్ అబ్జార్బర్లు వేస్తే సగం కారు తిరిగొచ్చినట్టే. రబ్బరు బుష్‌ల బోల్టులను కారు జాకీ మీద ఉండగా చివరిదాకా బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, కారు బరువు పూర్తిగా పడ్డాకే బిగించాలి. లేకుంటే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉండి త్వరగా చిరిగిపోతుంది.

ఆ తర్వాతది అన్నిటికన్నా చవకైన, అన్నిటికన్నా గొప్ప మార్పు. ముందు చక్రం కంట్రోల్ ఆర్మ్‌లనే రెండు ఇనుప చేతుల మధ్య వేలాడుతుంది. పై చేయి లోపలి కొస, షాక్ టవర్ అనే రేకు గోడకు రెండు బోల్టులతో బిగించి ఉంటుంది. ఆ కొసను ఒక అంగుళం కిందికి దించితే పై చేయి వాలు మారుతుంది. చక్రం పైకి లేచినప్పుడు దాని తలను ఆ చేయి లోపలికి లాగుతుంది, టైరు నిటారుగా నిలుస్తుంది. ఈ ఉపాయం ఫోర్డ్ ఇంజినీర్ క్లౌస్ ఆర్నింగ్‌ది. రేసు కార్ల తయారీదారు కారోల్ షెల్బీ 1965 మస్టాంగ్ జీటీ350లో దీన్ని వాడారు. దానికి తోడు ముందువైపు, కారు ఒరగడాన్ని తగ్గించే అంగుళం మందం యాంటీ రోల్ బార్, కోనీ షాక్ అబ్జార్బర్లు బిగించారు. ఆ ఏడాది ఫిబ్రవరి 14న టెక్సస్‌లోని గ్రీన్ వ్యాలీలో రేసు డ్రైవర్ కెన్ మైల్స్ ఆ కారును తొలి పోటీలోనే గెలిపించాడు. 1966 మోడల్ తయారీ సాగుతుండగా ఖర్చు తగ్గించడానికి ఆ అంగుళం పని ఆపేశారు. అది వదులుకోకూడని అంగుళం.

చేసే తీరు ఇది. పాత రంధ్రాలకు అచ్చు పలక ఆనించి, కొత్త చోట గుర్తు పెట్టి, ముందు సన్న డ్రిల్‌తో, తర్వాత పెద్దదానితో రంధ్రం చేయాలి. ఒక్కో వైపు రెండే రంధ్రాలు. స్ప్రింగు పై చేయి మీదే కూర్చుంటుంది కాబట్టి కారు ముక్కు కూడా కొంచెం దిగుతుంది. ఒక హెచ్చరిక: నొక్కి ఉన్న ఆ స్ప్రింగు తప్పించుకుంటే ప్రాణం తీయగలదు. సరైన స్ప్రింగ్ కంప్రెసర్ లేకుండా దాని మీద చెయ్యి వేయకూడదు.

యాంటీ రోల్ బార్ విషయంలో అత్యాశ పనికిరాదు. దాని బిగువు మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. మందం 10 శాతం పెంచితే బిగువు 46 శాతం పెరుగుతుంది. ముందు మరీ లావుది వేస్తే ముక్కు బయటికి లాగే జబ్బు మళ్లీ మొదలవుతుంది.

వెనక ఉన్న స్ప్రింగులు మన లారీల కింద కనిపించే కమాను పట్టీల్లాంటివే. కుంగిపోయినవి మార్చి, మంచి షాక్‌లు వేస్తే వీధుల్లో నడిపే కారుకు చాలు. ముందు రెండు షాక్ టవర్లను కలిపే మోంటే కార్లో బార్, వాటిని ఇంజిన్ వెనక గోడకు కట్టే ఎక్స్‌పోర్ట్ బ్రేస్ మాత్రం తప్పనిసరి. రేకు వంగుతుంటే ఎంత మంచి కోణమూ నిలవదు.

చివరిది వీల్ అలైన్‌మెంట్. ఫ్యాక్టరీ కొలతలు ఆనాటి బయాస్ ప్లై టైర్లకు రాసినవి. నేటి రేడియల్ టైర్లకు క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం) మైనస్ అర నుంచి 1 డిగ్రీ, క్యాస్టర్ (స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) ప్లస్ 2 నుంచి 3 డిగ్రీలు, టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరగడం) 3 మిల్లీమీటర్ల దాకా సరిపోతాయి. అలైన్‌మెంట్ షాపుకు వెళ్లేటప్పుడు ఈ అంకెలు కాగితం మీద రాసి తీసుకెళ్లండి. పాత మాన్యువల్ చూసి చేస్తే పడ్డ శ్రమంతా వృథా అవుతుంది.